ఇప్పుడున్న 8 జీబీ ర్యామ్ పక్కన ఏ స్టిక్ వేస్తే సరిపోతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంటెల్ ఐ5-10400 ఉన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్, అందులో 8 జీబీ డీడీఆర్4 (నాలుగో తరం ర్యామ్), 2666 స్పీడ్ స్టిక్ ఒకటి ఉంది, రెండో స్లాట్ ఖాళీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆ ఖాళీ స్లాట్‌లో హీట్ సింక్ (వేడిని లాగే లోహపు రేకు) ఉన్న 8 జీబీ 3200 గేమింగ్ స్టిక్ వేయొచ్చా, కంపెనీ వేరైతే ఇబ్బందా, స్పీడ్ కలవకపోతే బోర్డు కాలిపోతుందా అని మీ భయం.

సూటిగా చెప్తాను. బోర్డు కాలిపోదు. కంపెనీ వేరైనా ఫర్వాలేదు. కానీ ఆ గేమింగ్ స్టిక్ మాత్రం ఈ సిస్టమ్‌కి కొనకండి. 1.2 వోల్టులతో నడిచే మామూలు డీడీఆర్4 డెస్క్‌టాప్ ర్యామ్, 8 జీబీ, 2666 గానీ 3200 గానీ తీసుకోండి. దాని మీద 3200 అని రాసి ఉన్నా మీ సిస్టమ్‌లో 2666 దగ్గరే నడుస్తుంది, అందులో నష్టమేమీ లేదు. అదే గేమింగ్ స్టిక్ వేస్తే, ఇప్పుడు 2666 దగ్గర హాయిగా నడుస్తున్న మీ పాత స్టిక్ కూడా 2400కో 2133కో పడిపోయే అవకాశం ఉంది.

పెద్ద అంకె ఉన్న స్టిక్ వేస్తే స్పీడ్ తగ్గడమేమిటని మీకు అనిపించొచ్చు. అసలు విషయమంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేయడం, రిపేర్ చేయడం చాలా ఏళ్లుగా నా వృత్తి. ర్యామ్ పెంచుకున్నాక డిస్‌ప్లే రావట్లేదనో, స్పీడ్ తక్కువ చూపిస్తోందనో నా దగ్గరికి తెచ్చే సిస్టమ్‌లలో స్టిక్ నిజంగా పాడై ఉండటం తక్కువ. స్టిక్ బాగానే ఉంటుంది, బోర్డూ బాగానే ఉంటుంది. రెండిటికీ పొసగదు, అంతే.

కవర్ మీది అంకె వేరు, బోర్డు చదివే అంకె వేరు

ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. పవర్ బటన్ నొక్కాక ర్యామ్ గురించి బోర్డు మొదట చదివేది దాన్నే. ఈ స్టిక్ ఎంత సైజు, ఏ స్పీడ్‌లో ఏ టైమింగ్‌లతో (అడిగింది ఇవ్వడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో చెప్పే అంకెలు) నడుస్తుంది అనే వివరాలన్నీ అందులో పట్టికలా ఉంటాయి. ఆ మొదటి పట్టిక జెడెక్ ప్రమాణాల ప్రకారం ఉంటుంది. మెమరీకి ప్రమాణాలు నిర్ణయించే పరిశ్రమ సంస్థ పేరే జెడెక్. డీడీఆర్4కి ఆ ప్రమాణం చెప్పే వోల్టేజి 1.2. అందులోని స్పీడ్‌లు 2133, 2400, 2666, 2933, 3200 ఇలా ఉంటాయి.

గేమింగ్ స్టిక్‌లలో దీంతోపాటు రెండో పట్టిక కూడా ఉంటుంది. దాన్నే ఎక్స్ఎంపీ అంటారు, ఇది ఇంటెల్ పద్ధతి. ఏఎండీ వాళ్లు డీడీఆర్5 కోసం తెచ్చినదాన్ని ఎక్స్‌పో అంటారు. కవర్ మీద పెద్దగా వేసే 3200, 3600 చాలాసార్లు ఈ రెండో పట్టికలోవి. బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగ్‌లలోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేస్తేనే ఆ స్పీడ్ వస్తుంది. ఆన్ చేయకపోతే స్టిక్ మొదటి పట్టికలో ఏముంటే దానితోనే లేస్తుంది. చాలా 3200 గేమింగ్ స్టిక్‌ల మొదటి పట్టికలో ఉండేది 2133 లేదా 2400.

ఇప్పుడు మీ సిస్టమ్ సంగతి. బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌ల బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆప్షన్ సాధారణంగా ఉండదు. పైగా ఐ5-10400కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ మెమరీ స్పీడ్ 2666. దానితో వచ్చే హెచ్410, బీ460 అనే చిప్‌సెట్‌ల (బోర్డు మీది ప్రధాన చిప్) బోర్డుల మీద అంతకు మించి పోనివ్వరు. కాబట్టి గేమింగ్ స్టిక్ తన మొదటి పట్టికలోని 2133తో లేస్తుంది. రెండు స్టిక్‌లు కలిసి నడవాలంటే రెండిటికీ వీలయ్యే స్పీడ్‌కే బోర్డు సర్దుతుంది. అంటే మీ పాత స్టిక్ కూడా 2133కి దిగాల్సిందే.

ఇది నేను తరచూ చూసే కేసు. ఈమధ్యే ఒకాయన అచ్చం మీలాంటి కాన్ఫిగరేషనే తీసుకొచ్చారు. పాత 2666 స్టిక్ పక్కన రంగు లైట్లున్న 3200 స్టిక్ వేసుకున్నారు. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 2133 అని చూపిస్తోంది. బోర్డు పోయిందనుకుని ఆయన కంగారు పడిపోయారు. ఆ స్టిక్ తీసేసి, 1.2 వోల్టుల మామూలు 3200 స్టిక్ పెట్టి ఆన్ చేస్తే 2666 వచ్చేసింది. బయోస్‌లో ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోలేదు.

కొనేముందే దీన్ని పట్టుకోవడానికి సులువైన గుర్తు ఉంది. డీడీఆర్4 స్టిక్ మీద 1.35 వోల్టులు అని ఉంటే ఆ అంకె ఎక్స్ఎంపీది. 3200 పక్కన సీఎల్16 అని ఉన్నా అంతే (సీఎల్ అంటే టైమింగ్‌లలో మొదటి అంకె). జెడెక్ ప్రకారం నడిచే మామూలు 3200 స్టిక్‌లు ఎక్కువగా సీఎల్22తో, 1.2 వోల్టులతో వస్తాయి. కొన్ని కంపెనీలు తమ సైట్‌లో స్పెసిఫికేషన్ పట్టిక పెట్టి, అందులో టెస్టెడ్ స్పీడ్ ఒక వరసలో, ఎస్‌పీడీ స్పీడ్ ఇంకో వరసలో ఇస్తాయి. మీరు చూడాల్సింది ఎస్‌పీడీ స్పీడ్. హీట్ సింక్ ఉన్నవాటిలోనూ మొదటి పట్టికలోనే 2666 ఉండేవి కొన్ని దొరుకుతాయి, అలాంటిదైతే మీరు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. ఇక్కడ అడ్డం వచ్చేది హీట్ సింక్ కాదు, ఆ పట్టిక.

మీ పాత స్టిక్ లేబుల్ చదవండి

సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ పక్క తలుపు తెరిచి పాత స్టిక్ బయటికి తీయండి. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో వచ్చే స్టిక్ మీద తెల్ల కాగితం లేబుల్ ఉంటుంది. దాని మీద ఇంచుమించు ఇలా కనిపిస్తుంది:

8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వి-యూఏ2-11

చూడటానికి గజిబిజిగా ఉన్నా, మీకు కావలసిన సమాచారమంతా ఈ ఒక్క వరసలోనే ఉంది. 8జీబీ అంటే సైజు. పీసీ4 అంటే డీడీఆర్4. 2666 స్పీడ్, పక్కనున్న వి అనే అక్షరం దాని టైమింగ్ తరగతి, అంటే 19-19-19. 2400 స్టిక్‌ల మీద ఆ చోట టి ఉంటుంది, 3200 వాటి మీద ఏఏ ఉంటుంది.

తర్వాత వచ్చే యూ అనే అక్షరం చాలా ముఖ్యం. యూ ఉంటే అది మామూలు డెస్క్‌టాప్ ర్యామ్, యూడిమ్ అంటాం. అక్కడ ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి స్టిక్, సోడిమ్. ఆర్ ఉంటే సర్వర్ ర్యామ్, ఆర్‌డిమ్. సర్వర్ల నుంచి తీసిన డీడీఆర్4 ఆర్‌డిమ్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, చూడటానికి డెస్క్‌టాప్ ర్యామ్‌లాగే ఉంటాయి, స్లాట్‌లో కూడా చక్కగా దిగుతాయి. కానీ మామూలు డెస్క్‌టాప్‌లో డిస్‌ప్లే రాదు. వాటిలో ప్రాసెసర్‌కీ చిప్పులకీ నడుమ రిజిస్టర్ అనే ఇంకో చిప్ ఉంటుంది, మన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలర్లు దానితో మాట్లాడలేవు. చవగ్గా 32 జీబీ వచ్చిందని తెచ్చుకుని, చివరికి ఏ పనికీ రాక పక్కన పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. ప్రకటనలో ఆర్‌డిమ్, రిజిస్టర్డ్, సర్వర్ అనే మాట ఏది కనిపించినా వదిలేయండి.

ఇంకో మాట. అరచేతి మందాన ఉండే మినీ డెస్క్‌టాప్‌లు, ఆల్ ఇన్ వన్ సిస్టమ్‌లు చాలావరకు సోడిమ్‌లే వాడతాయి. డెస్క్‌టాప్ కదా అని పొడుగు స్టిక్ ఆర్డర్ పెట్టేయకుండా ముందు మూత తెరిచి చూడండి.

ఆ వరసలో ఇక మిగిలింది 1ఆర్ఎక్స్8. ర్యాంకులు (కలిసి పనిచేసే చిప్పుల గుంపులు) ఎన్ని, చిప్పుల వెడల్పు (ఒక్కో చిప్ ఒకేసారి ఇచ్చే బిట్లు) ఎంత అని అది చెప్తుంది. 8 జీబీ డీడీఆర్4 స్టిక్‌లో 1ఆర్ఎక్స్8 అయితే 8 చిప్పులు ఉంటాయి, 1ఆర్ఎక్స్16 అయితే నాలుగే. ఈ నాలుగు చిప్పుల రకం లోపల బ్యాంక్ గ్రూపులు (చిప్ లోపలి మెమరీ విభాగాలు) సగమే ఉంటాయి కాబట్టి అదే స్పీడ్ దగ్గర కొంత వెనకబడుతుంది. రెండు రకాలూ కలిపి వేసినా సిస్టమ్ నడుస్తుంది. కానీ రెండూ దొరికే చోట ఎక్స్8 అడిగి తీసుకోండి. ముఖ్యంగా మీలా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే వాడేవాళ్లకు ఆ తేడా లెక్కలోకి వస్తుంది.

తరం కలవకపోతే ఇదంతా అనవసరం

మీకు ఈ సమస్య లేదు, పదో తరం ఐ5 డీడీఆర్4 మాత్రమే తీసుకుంటుంది. ఇది చదివే ఇతరుల కోసం చెప్తున్నాను. డీడీఆర్3, 4, 5 ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. డీడీఆర్3కి 240 పిన్నులు, 4కీ 5కీ 288. పిన్నుల లెక్క ఒకటే అయినా వాటిలో గాడి చోటు వేరు. కరెంటు ఇచ్చే పద్ధతి కూడా వేరు, డీడీఆర్5లో వోల్టేజిని సర్దే చిప్ స్టిక్ మీదికే వచ్చేసింది. స్టిక్ గాడి, స్లాట్‌లోని మిట్ట ఒకదానికొకటి ఎదురుగా రాకపోతే అక్కడితో ఆపేయండి. బలవంతంగా నొక్కి స్లాట్ పగలగొట్టుకుంటే బోర్డే మార్చాల్సి వస్తుంది.

ఏఎండీలో లెక్క తేలిక. ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డులకు డీడీఆర్4, రైజెన్ 7000 ప్రాసెసర్లతో 2022లో వచ్చిన ఏఎం5 బోర్డులకు డీడీఆర్5, ఇక మినహాయింపు లేదు. ఇంటెల్‌లో 12, 13, 14 తరాల దగ్గరే జాగ్రత్త కావాలి. ఆ ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెండూ తీసుకుంటాయి, కానీ బోర్డు మాత్రం సాధారణంగా రెండిట్లో ఒకదానికే తయారై ఉంటుంది. ప్రాసెసర్ పేజీలో డీడీఆర్5 4800 అని చూసి కొనేసి, తీరా ఇంట్లో ఉన్నది డీడీఆర్4 బోర్డని తెలుసుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఈ తరాలకు ప్రాసెసర్ పేరు చూసి ర్యామ్ కొనకూడదు, బోర్డు మోడల్ పూర్తి పేరు చూడాలి. కొన్ని కంపెనీలు డీడీఆర్4 బోర్డు పేరు చివర డీ4 అని పెడతాయి. ఆ రెండక్షరాలు వదిలేసి వెతికితే వేరే బోర్డు పేజీ తెరుచుకుంటుంది.

8 వేయాలా, 16 వేయాలా?

మీరు 8 అన్నారు, సరే. ఇంకో 8 వేస్తే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ నడుమ డేటా నడిచే రెండు దారులు, అంటే రెండు ఛానెళ్లూ సమానంగా నిండి డ్యూయల్ ఛానెల్ పూర్తిగా పనిచేస్తుంది. ఇప్పుడు మీ సిస్టమ్ ఒకే ఛానెల్ మీద నడుస్తోంది. స్టిక్ వేశాక మీకు మొదట తెలిసే మార్పు సైజు వల్ల కాకుండా దీనివల్లే కావచ్చు, ఎందుకంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ సొంత మెమరీ లేక ర్యామ్ మీదే ఆధారపడుతుంది.

అయితే పనికి నిజంగా 24 జీబీ అవసరమైతే 16 వేయడానికి వెనకాడకండి. సైజులు కలవకపోతే డ్యూయల్ ఛానెల్ పూర్తిగా పోతుందని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. ఇంటెల్ బోర్డుల్లో ఫ్లెక్స్ మోడ్ ఉంది: 8, 16 వేస్తే రెండిట్లోనూ ఉన్న 8 జీబీ చొప్పున జతగా డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది, మిగిలిన 8 మాత్రం సింగిల్‌లో ఉంటుంది. నా దృష్టిలో ముందు చూడాల్సింది పనికి సరిపడా సైజు, ఆ తర్వాత డ్యూయల్ ఛానెల్, అన్నిటికన్నా ఆఖర్న స్పీడ్. ర్యామ్ చాలక విండోస్ డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెట్టిందంటే 2666 అయినా 3200 అయినా తేడా ఏమీ ఉండదు.

అసలు ర్యామ్ చాలట్లేదా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి పెట్టి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ దగ్గర మెమరీ నొక్కండి. వాడకం 85, 90 శాతం దగ్గరే తిరుగుతుంటే ర్యామ్ వేయడం న్యాయమే. 50 శాతం దగ్గరే ఉండి సిస్టమ్ నత్తనడక నడుస్తుంటే, విండోస్ ఇంకా పాత హార్డ్ డిస్క్ మీద ఉందేమో చూడండి. అలాగైతే ముందు కొనాల్సింది ఎస్ఎస్‌డీ. అదే పేజీలో స్లాట్లు ఎన్ని వాడుతున్నారు, స్పీడ్ ఎంత అన్నవీ కనిపిస్తాయి.

గరిష్ఠంగా ఎంత పడుతుందో బోర్డు లేదా సిస్టమ్ తయారీదారు పేజీలో చూడండి. హెచ్410 బోర్డులు సాధారణంగా రెండు స్లాట్లలో కలిపి 64 జీబీ దాకా తీసుకుంటాయి, కాబట్టి మీకు 8 అయినా 16 అయినా అడ్డు లేదు.

కంపెనీ వేరైతే?

మెమరీ చిప్పులు తయారు చేసే పెద్ద కంపెనీలు మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మనం కొనే చాలా బ్రాండ్లు వీళ్ల చిప్పులు తీసుకుని స్టిక్ మీద అమర్చి తమ స్టిక్కర్ అంటిస్తాయి. ఒకే బ్రాండ్, ఒకే మోడల్ నంబర్ అయినా ఆరు నెలల తర్వాత కొన్నదాంట్లో వేరే చిప్పులు ఉండొచ్చు. కాబట్టి బ్రాండ్ కలిసినంత మాత్రాన కలిసి నడుస్తాయన్న హామీ లేదు, కలవనంత మాత్రాన నడవవనీ కాదు. జెడెక్ స్పీడ్‌ల దగ్గర, అంటే మీ కేసులో, వేర్వేరు బ్రాండ్లు కలిపి వేయడం నేను రోజూ చేసే పనే.

ఎక్స్ఎంపీతో ఎక్కువ స్పీడ్‌లో నడిపేవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు. 3600 డీడీఆర్4, 6000 డీడీఆర్5 లాంటివి చిప్పుల సామర్థ్యాన్ని దాదాపు అంచుదాకా వాడతాయి. అక్కడ రెండు స్టిక్‌లూ ఒకే ప్యాక్‌లో, జతగా పరీక్షించి అమ్మే కిట్‌గానే కొనాలి. ఉన్నదానికి తోడు ఇంకోటి విడిగా తెచ్చి వేస్తే సిస్టమ్ లేవొచ్చు, రెండు రోజులు బాగానే నడవొచ్చు, ఆ తర్వాత బ్లూ స్క్రీన్లు మొదలవుతాయి.

టైమింగ్‌ల గురించి ఎవరైనా మిమ్మల్ని గాభరా పెడితే ఈ చిన్న లెక్క గుర్తుంచుకోండి: సీఎల్ అంకెను 2000తో హెచ్చవేసి స్పీడ్‌తో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 సీఎల్16 అంటే 10 నానోసెకన్లు. 3600 సీఎల్18, 6000 సీఎల్30 అన్నా అదే 10. మీ 2666 సీఎల్19 అయితే 14.25 చిల్లర. సీఎల్ అంకె పెద్దదైనంత మాత్రాన స్టిక్ నెమ్మది అనుకోనక్కర్లేదు. మీ సిస్టమ్‌లో ఆఫీసు పనికి ఈ తేడా కంటికి కనిపించదు, దీనికోసం డబ్బు పోయకండి.

డీడీఆర్5 వాళ్లకు

ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి రెండు విషయాలు చెప్తాను. ఒకటి, నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా అని నాలుగూ నింపకండి. రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పిన స్పీడ్ రెండు స్టిక్‌లకు 5200. నాలుగు వేస్తే అది 3600కి పడిపోతుంది. బోర్డు మీద ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా, నాలుగు స్టిక్‌ల భారం మోసేది ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరే. 64 జీబీ కావాలంటే 16లు నాలుగు కాకుండా 32లు రెండు కొనండి. ఇప్పటికే రెండు 16లు ఉంటే వాటిని అమ్మేసి 32ల కిట్ తీసుకోమనే నా సలహా.

రెండు, డీడీఆర్5 స్టిక్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బోర్డు కొత్త స్టిక్‌కి తగ్గట్టు సిగ్నళ్లు సర్దుకుంటూ ఉంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఈ సంగతి తెలియక మధ్యలో పవర్ తీసేసి, మళ్లీ ఆన్ చేసి, మళ్లీ తీసేసి, చివరికి ర్యామ్ పనికిరాదని వెనక్కి పంపేసేవాళ్లున్నారు. పదిహేను నిమిషాలు ఆగి చూశాకే ఒక నిర్ణయానికి రండి.

పాత డీడీఆర్3 సిస్టమ్‌లు

వీటిలో తరం కలిసినా, సైజు కలిసినా స్టిక్ నడవకపోవచ్చు. కారణం చిప్పుల డెన్సిటీ, అంటే ఒక్కో చిప్‌లో పట్టే మెమరీ. జీ41 చిప్‌సెట్ ఉన్న డీడీఆర్3 బోర్డులో 4 జీబీ స్టిక్ వేయాలంటే రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉన్నదే కావాలి. 8 చిప్పులతో వచ్చే కొత్తరకం 4 జీబీ స్టిక్‌ని ఆ చిప్‌సెట్ గుర్తించలేదు. హెచ్61 బోర్డులు స్లాట్‌కి 8 జీబీ దాకా తీసుకుంటాయి, 16 జీబీ డీడీఆర్3 స్టిక్ వాటిలో నడవదు.

డీడీఆర్3లో ఏఎండీకి మాత్రమే అని రాసి చవగ్గా అమ్మే 8 జీబీ స్టిక్‌లు కూడా ఉంటాయి. అవి ఎక్స్4 చిప్పులతో చేసినవి, ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల్లో లేవవు. ఆరో తరం ఇంటెల్‌లో డీడీఆర్3 స్లాట్లు ఉన్న బోర్డు ఎవరికైనా ఉంటే, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే వేయండి. ఆ ప్రాసెసర్లకు ఇంటెల్ 1.5 వోల్టుల రకాన్ని ఆమోదించలేదు. వోల్టేజి గురించి నిజంగా భయపడాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది ఇదే. మీ డీడీఆర్4లో ఆ భయం అక్కర్లేదు.

వేసేటప్పుడు, వేశాక

ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, స్టిక్‌ని అంచులు పట్టుకునే తీయండి. బంగారు రంగు పిన్నులకు వేళ్లు తగలనీయకండి. స్లాట్ క్లిప్పులు వెనక్కి వంచి, గాడి చూసుకుని, రెండు చివర్లా సమానంగా నొక్కండి. క్లిప్పు టక్కుమని దానంతటదే పడాలి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్పు ఉంటుంది, అలాంటప్పుడు రెండో వైపు పూర్తిగా దిగిందో లేదో వంగి చూడండి. కొత్త స్టిక్ వేశాక డిస్‌ప్లే రాని కేసుల్లో చాలావాటికి కారణం సరిగ్గా దిగకపోవడమే. మీకు రెండే స్లాట్లు కాబట్టి ఎక్కడ వేయాలన్న ప్రశ్న లేదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే స్టిక్‌లు ఉంటే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి వేయాలి.

డిస్‌ప్లే రాకపోతే కంగారు పడకుండా పాత స్టిక్ తీసేసి కొత్తది ఒక్కటే వేసి చూడండి, తర్వాత స్లాట్ మార్చి చూడండి. ఒంటరిగా నడిచి, జతగా నడవకపోతే అది పొసగని స్టిక్. ఒంటరిగా ఏ స్లాట్‌లోనూ నడవకపోతే అది పాడైన స్టిక్, లేదా మీ బోర్డు గుర్తించని రకం. షాపువాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ తేడా చెప్పగలిగితే మార్చి ఇవ్వడం తేలికవుతుంది.

లేచాక టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ, 2666, రెండుకి రెండు స్లాట్లు అని చూపించాలి. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఫ్రీక్వెన్సీ 1333 దగ్గర కనిపిస్తుంది. అది తప్పు కాదు, డీడీఆర్ అంటే ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపేది కాబట్టి 1333కి రెట్టింపు చేస్తే 2666. కొత్త స్టిక్ ఎస్‌పీడీ పట్టికలో ఏముందో కూడా అదే సాఫ్ట్‌వేర్‌లో స్లాట్ వారీగా చూడొచ్చు. మొత్తంలో కొంత మెమరీ హార్డ్‌వేర్‌కి రిజర్వ్ అయినట్టు కనిపిస్తే అది ప్రాసెసర్ గ్రాఫిక్స్ తీసుకున్న వాటా.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది క్యాబినెట్ మూసేస్తారు. మూయకండి. ఆ రాత్రికి పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే సాఫ్ట్‌వేర్ వేసి, దాంతో సిస్టమ్ లేపి, నాలుగు పాస్‌లు (పూర్తి పరీక్షలు) పూర్తయ్యేదాకా నడవనివ్వండి. ర్యామ్‌లో సన్నటి లోపం ఉంటే సిస్టమ్ వెంటనే ఆగిపోదు. జిప్ ఫైలు తెరిస్తే పాడైందని చెప్తుంది, బ్రౌజర్ ట్యాబ్ ఊరికే మూసుకుపోతుంది, వారానికోసారి బ్లూ స్క్రీన్ వస్తుంది. అన్నిటికన్నా బాధాకరం, మీరు సేవ్ చేసిన ఫైల్‌లోనే తప్పు డేటా చేరిపోవచ్చు. నెలలు గడిచాక అది బయటపడితే బాగుచేసే దారి ఉండదు. టెస్ట్‌లో ఎర్రర్లు సున్నా ఉండాలి. ఒక్కటే కదా అని సర్దుకుపోవద్దు. ఒక్కటి వచ్చినా స్టిక్‌లను విడివిడిగా టెస్ట్ చేసి, కొత్తదాంట్లోనే వస్తే దాన్ని వారంటీలో మార్పించుకోండి.

మీ పాత స్టిక్ లేబుల్ మీద ఉన్న వరస, సిస్టమ్ పూర్తి మోడల్ పేరు ఇక్కడ రాయండి, కొనబోయే స్టిక్ పార్ట్ నంబర్ కూడా ఉంటే మరీ మంచిది. ఆర్డర్ పెట్టకముందే చూసి చెప్తాను.